ప్యాకేజీ చేస్తున్నారా? డిపెండెన్సీలు వెతకడానికి ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

లినక్స్ కోసం నేను తయారుచేసిన ఒక ప్యాకేజీ నా సిస్టంలో బాగానే నడిచింది. అదే ప్యాకేజీ స్నేహితుడి సిస్టంలో ఇన్‌స్టాల్ అయింది కానీ, ఐకాన్ నొక్కితే ఏమీ రాలేదు. టెర్మినల్లోంచి నడిపితే ఒకే ఒక్క లైను వచ్చింది: లిబ్‌జాక్.ఎస్ఓ.0 అనే షేర్డ్ లైబ్రరీ లోడ్ అవలేదు, అలాంటి ఫైలు లేదు అని.

అది చిన్న మ్యూజిక్ ప్లేయర్. ప్యాకేజీ చేసింది నేనే. డిపెండెన్సీల (ప్రోగ్రాంకి కావాల్సిన ఇతర ప్యాకేజీల) లిస్టులో జాక్ (ఒక ఆడియో సర్వర్) పేరు రాయలేదు, ఎందుకంటే ఆ ప్లేయర్‌కి జాక్ అవసరమని నాకు తెలియదు. ఎప్పుడో వేరే పని కోసం జాక్ హెడర్ ఫైళ్లు వేసుకుని మర్చిపోయాను. ప్లేయర్ కాన్ఫిగర్ స్క్రిప్టు వాటిని చూసి, నన్ను అడక్కుండానే వాడేసుకుంది. విషయం తెలిశాక శుభ్రమైన సీహెచ్‌రూట్‌లో (సిస్టంలోని మిగతా ఫైళ్లు కనపడని వేరే రూట్ ఫోల్డర్లో) మళ్లీ బిల్డ్ చేసి ఇచ్చాను. స్నేహితుడి దగ్గర నడిచింది. వారం తిరక్కుండానే ఇంకొకరు అడిగారు: "అన్నా, పోయిన వెర్షన్లో జాక్ అవుట్‌పుట్ ఉండేది కదా, ఇప్పుడు మెనూలో కనపడట్లేదేంటి?"

ఒకే లైబ్రరీ విషయంలో రెండుసార్లు తప్పాను. మొదటిసారి నాకు తెలియకుండా వచ్చి చేరింది, రెండోసారి నాకు తెలియకుండా పోయింది. రెండుసార్లూ బిల్డ్ మాత్రం ఏ ఎర్రరూ లేకుండా పూర్తయింది. అప్పటినుంచీ ఏ పద్ధతి చూసినా నేను మొదట అడిగేది ఒకటే: ఇది తప్పితే ఎటువైపు తప్పుతుంది? కింద చెప్పే పోలికంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

(కమాండ్ల పేర్లు పలికినట్టే రాశాను. టెర్మినల్లో వాటి మామూలు స్పెల్లింగే కొట్టండి.)

## పద్ధతిని ఎంచుకునే ముందు చూడాల్సినవి

ఎప్పుడు కావాల్సిన డిపెండెన్సీ? బిల్డ్ చేసేటప్పుడు కావాల్సినవి వేరు, నడిపేటప్పుడు కావాల్సినవి వేరు. టెస్టులకు మాత్రమే కావాల్సినవి ఇంకో రకం. ఐగెన్ లాంటి సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ మొత్తం హెడర్ ఫైళ్లే. బిల్డ్‌కి తప్పనిసరి, బిల్డ్ అయ్యాక దాని జాడ కూడా ఉండదు. పైథాన్ ప్రోగ్రాంలో తీరు దీనికి ఎదురు: చాలాసార్లు బిల్డ్‌కి ఏమీ అక్కర్లేదు, నడిపిన క్షణంలో పది మాడ్యూళ్లు కావాలి. ఆర్చ్ డిస్ట్రోలో (డిస్ట్రో అంటే లినక్స్ పంపిణీ) ప్యాకేజీ తయారీకి రాసే పీకేజీబిల్డ్ ఫైల్లో డిపెండ్స్, మేక్‌డిపెండ్స్, చెక్‌డిపెండ్స్, ఆప్ట్‌డిపెండ్స్ అని విడివిడిగా రాయించేది ఇందుకే.

ఎటువైపు తప్పుతుంది? కొన్ని పద్ధతులు కావాల్సినవాటిని వదిలేస్తాయి. కొన్ని అక్కర్లేనివి కలిపేస్తాయి. వదిలేస్తే ప్రోగ్రాం నడవదు. కలిపేస్తే ప్రోగ్రాం నడుస్తుంది కానీ, చిన్న టూల్ కోసం యూజర్ నెత్తిన బోలెడు ప్యాకేజీలు పడతాయి.

సొంత డిపెండెన్సీయా, డిపెండెన్సీకి డిపెండెన్సీయా? మీ ప్రోగ్రాం నేరుగా పిలిచేవాటినే మీ లిస్టులో రాయాలి. అవి పిలిచేవాటి బాధ్యత వాటి ప్యాకేజీలది.

ప్రోగ్రాం ఏ భాషలో ఉంది, మీకెంత టైం ఉంది? సీ ప్రోగ్రాంకి పనికొచ్చే టూల్ షెల్ స్క్రిప్టు మీద ఏమీ చెప్పదు.

## 1. సోర్స్‌లోని బిల్డ్ ఫైళ్లు చదవడం

రీడ్‌మీ, ఇన్‌స్టాల్ ఫైళ్లతో మొదలుపెడతాం కానీ వాటిని పూర్తిగా నమ్మకండి. కోడ్ మారినప్పుడల్లా రీడ్‌మీ మారదు. అసలు సంగతి బిల్డ్ ఫైల్లో ఉంటుంది, ఎందుకంటే అది తప్పయితే రాసినవాళ్లకే బిల్డ్ అవదు.

ఆటోటూల్స్ వాడే ప్రాజెక్టు అయితే కాన్ఫిగర్.ఏసీ తెరిచి పీకేజీ-చెక్-మాడ్యూల్స్, ఏసీ-చెక్-లిబ్ అనే మాటల కోసం వెతకండి. సీమేక్ అయితే ఫైండ్-ప్యాకేజీ, మెసాన్ అయితే డిపెండెన్సీ అనే ఫంక్షన్. సీమేక్‌లో సబ్‌ఫోల్డర్లలో కూడా ఫైండ్-ప్యాకేజీ ఉండొచ్చు కాబట్టి ఒక్క ఫైలు చూసి ఆగకుండా మొత్తం సోర్స్ మీద గ్రెప్ (ఫైళ్లలో మాట వెతికే కమాండ్) కొట్టాలి. మెసాన్‌లో ఇంట్రోస్పెక్ట్ సబ్‌కమాండ్‌కి స్కాన్-డిపెండెన్సీస్ ఆప్షన్ ఇస్తే, కాన్ఫిగర్ చెయ్యకుండానే లిస్టు ఇస్తుంది. ఏది తప్పనిసరో, ఏది కాదో కూడా అందులో ఉంటుంది.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది, వెర్షన్ నంబర్లు ఇక్కడే దొరుకుతాయి. "ఫలానా లైబ్రరీ 2.66 లేదా ఆపైన" అన్న మాట ఇంకే పద్ధతిలోనూ ఇంత సూటిగా రాదు. రెండో లాభం, ఐచ్ఛిక ఫీచర్లన్నీ ఒకచోట కనిపిస్తాయి. నా జాక్ గొడవ మొత్తం కాన్ఫిగర్.ఏసీలో మూడు లైన్లలో ఉంది. ముందే చదివి ఉంటే రెండు తప్పులూ జరిగేవి కావు.

ఇది తప్పేది ఎక్కువగా రన్‌టైం వైపు, అంటే నడిపేటప్పుడు కావాల్సినవాటి దగ్గర. ప్రోగ్రాం లోపల ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌ని బయటి కమాండ్‌గా పిలిస్తే బిల్డ్ ఫైలుకి ఆ సంగతే తెలియదు.

## 2. వేరే డిస్ట్రోలో ఎలా చేశారో చూడటం

ఆ సాఫ్ట్‌వేర్‌ని ఇంతకుముందే ఎవరో ప్యాకేజీ చేసి ఉంటారు. డెబియన్‌లో అయితే డెబియన్ ఫోల్డర్లోని కంట్రోల్ ఫైల్లో బిల్డ్-డిపెండ్స్, ఫెడోరాలో స్పెక్ ఫైల్లోని బిల్డ్‌రిక్వైర్స్, జెంటూలో ఈబిల్డ్‌లోని డిపెండ్, ఆర్‌డిపెండ్, బీడిపెండ్ చూడాలి. స్లాక్‌వేర్ వాళ్లకైతే స్లాక్‌బిల్డ్స్ సైట్లో ప్రతి స్క్రిప్టుతో వచ్చే ఇన్ఫో ఫైల్లో రిక్వైర్స్ లైను ఉంటుంది. స్లాక్‌వేర్ ప్యాకేజీ టూల్స్ డిపెండెన్సీలను అసలు చెక్ చెయ్యవు కాబట్టి వాళ్లకి ఆ లైనే పెద్ద దిక్కు.

అన్నిటికన్నా తొందరగా పనయ్యే దారి ఇదే. జెంటూ ఈబిల్డ్‌ని ప్రత్యేకంగా చూడమంటాను. అక్కడ ఐచ్ఛిక ఫీచర్లను యూజ్ ఫ్లాగ్‌లుగా విడదీస్తారు. ఏ ఫీచర్ ఆన్ చేస్తే ఏ లైబ్రరీ కావాలో లైను లైనుగా రాసి ఉంటుంది. నేను ప్యాకేజీ చేసేది ఏ డిస్ట్రోకైనా సరే, ఒక్కసారి జెంటూ వైపు తొంగి చూస్తాను.

రిస్కు ఏమిటంటే ఇది రెండువైపులా తప్పుతుంది. వాళ్ల వెర్షన్ పాతదైతే కొత్త డిపెండెన్సీ ఉండదు, తీసేసిన డిపెండెన్సీ ఇంకా ఉంటుంది. వాళ్ల ప్యాచ్‌ల వల్ల వచ్చినవీ కలిసి ఉంటాయి. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే టూల్) బ్యాక్‌డోర్ ఇందుకు పెద్ద ఉదాహరణ. ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలోని లిబ్‌ఎల్‌జెడ్ఎంఏ లైబ్రరీలో దాక్కున్న ఆ కోడ్ గురి ఎస్ఎస్‌హెచ్ సర్వర్. కానీ ఓపెన్ఎస్ఎస్‌హెచ్ అసలు సోర్స్ లిబ్‌ఎల్‌జెడ్ఎంఏని వాడదు. కొన్ని డిస్ట్రోలు సిస్టండీ (సర్వీసులను నడిపే ప్రోగ్రాం) నోటిఫికేషన్ కోసం లిబ్‌సిస్టండీని ప్యాచ్ చేసి కలిపాయి, లిబ్‌సిస్టండీ వెంట లిబ్‌ఎల్‌జెడ్ఎంఏ వచ్చింది. ఒక్క చిన్న సౌకర్యం కోసం చేర్చిన లింకు అంత దూరం దారి తీసింది. వేరేవాళ్ల లిస్టులోంచి ఒక లైను కాపీ చేసేటప్పుడు అది అసలు సోర్స్ అడిగిందా, ఆ డిస్ట్రో ప్యాచ్ అడిగిందా అని చూసుకోవడం అందుకే ముఖ్యం.

## 3. ఖాళీ సీహెచ్‌రూట్‌లో బిల్డ్ చేసి చూడటం

ఫెడోరాలో మాక్, డెబియన్‌లో ఎస్‌బిల్డ్ లేదా పీబిల్డర్, ఆర్చ్‌లో డెవ్‌టూల్స్ స్క్రిప్టులు. పేర్లు వేరైనా పని ఒకటే: కనీస ప్యాకేజీలు మాత్రమే ఉన్న కొత్త రూట్ ఫోల్డర్ తయారుచేసి, మీరు రాసిన బిల్డ్ డిపెండెన్సీలు మాత్రమే అందులో వేసి, అక్కడ బిల్డ్ చేస్తాయి. మీ సిస్టంలో మర్చిపోయిన హెడర్ ఫైళ్లు దానికి కనిపించవు.

నా పద్ధతి ఇలా ఉంటుంది. మొదటి రెండు దారుల్లో దొరికిన లిస్టుతో బిల్డ్ మొదలుపెడతాను. "ఫలానా.హెచ్ దొరకలేదు" అంటూ ఆగుతుంది. ఆ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో వెతకాలి: డెబియన్‌లో ఆప్ట్-ఫైల్ సెర్చ్, ఫెడోరాలో డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్, ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్‌కి పెద్ద ఎఫ్ ఆప్షన్. దాన్ని లిస్టులో చేర్చి మళ్లీ మొదలు. పెద్ద ప్రోగ్రాం అయితే ఈ చక్రం పదిసార్లు తిరుగుతుంది, ఓపిక కావాలి.

మొదట్లోనే తెలుసుకోవాల్సిన తేడా ఒకటుంది. డెబియన్‌లో బిల్డ్-ఎసెన్షియల్, ఆర్చ్‌లో బేస్-డెవెల్ ముందే ఉంటాయని అనుకుంటారు, జీసీసీ, మేక్ లాంటివి రాయక్కర్లేదు. ఫెడోరాలో 29వ వెర్షన్ నుంచి జీసీసీని బిల్డ్‌రూట్‌లోంచి తీసేశారు. సీ ప్రోగ్రాం అయితే జీసీసీని కూడా మీరే రాయాలి.

బిల్డ్ డిపెండెన్సీల విషయంలో ఏ వాదనకైనా చివరి తీర్పు ఇదే అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు సగమే ఒప్పుకుంటాను. తప్పనిసరి డిపెండెన్సీ మరిచిపోతే సీహెచ్‌రూట్ వెంటనే పట్టేస్తుంది. ఐచ్ఛికమైనది మరిచిపోతే మాత్రం ఒక్క మాటా అనదు. కాన్ఫిగర్ "జాక్ కోసం చూస్తున్నా... లేదు" అని వందల లైన్ల మధ్యలో ఒక లైను రాసి ముందుకెళ్లిపోతుంది. బిల్డ్ పూర్తవుతుంది, ఫీచర్ పోతుంది. నా రెండో తప్పు సరిగ్గా ఇదే.

దీనికి మందు ఉంది. ఆటోమేటిగ్గా వెతుక్కునే పని ఆపించి, ప్రతి ఫీచర్‌కీ అవునో కాదో మీరే చెప్పండి. ఆటోటూల్స్‌లో విత్, వితౌట్, ఎనేబుల్, డిజేబుల్ ఆప్షన్లు ఉంటాయి. మెసాన్‌లో ఆటో-ఫీచర్స్‌ని ఎనేబుల్డ్ చేస్తే, ఆటో అని వదిలేసిన ప్రతి ఫీచరూ తప్పనిసరి అయిపోతుంది, లైబ్రరీ లేకపోతే బిల్డ్ ఆగుతుంది. ఫెడోరా మెసాన్ మ్యాక్రో, ఆర్చ్‌లోని ఆర్చ్-మెసాన్ స్క్రిప్టు ఈ పనే చేస్తాయి. సీమేక్‌లో ఫలానా ప్యాకేజీని వెతకొద్దు అని చెప్పడానికి సీమేక్-డిజేబుల్-ఫైండ్-ప్యాకేజీ వేరియబుల్, దొరక్కపోతే ఆగిపో అని చెప్పడానికి సీమేక్-రిక్వైర్-ఫైండ్-ప్యాకేజీ వేరియబుల్ ఉన్నాయి. రెండోది సీమేక్ 3.22 నుంచి వచ్చింది.

ఇలా అవును, కాదు అని తేల్చి చెప్పాక సీహెచ్‌రూట్ ఇచ్చే తీర్పుని నేను పూర్తిగా నమ్ముతాను.

## 4. బిల్డ్ అయిన ఫైళ్లను అడగడం

ఇక రన్‌టైం సంగతి. చాలామందికి ముందుగా గుర్తొచ్చేది ఎల్‌డీడీ, ప్రోగ్రాంకి కావాల్సిన షేర్డ్ లైబ్రరీలను చూపే కమాండ్. దాన్ని ఈ పనికి వాడొద్దంటాను, రెండు కారణాలున్నాయి.

ఒకటి, అది డిపెండెన్సీల డిపెండెన్సీలను కూడా చివరిదాకా చూపిస్తుంది. జీటీకే ప్రోగ్రాం మీద నడిపితే పదుల లైన్లు వస్తాయి. వాటిలో మీ ప్రోగ్రాం నేరుగా పిలిచేవి కొన్నే. మొత్తం కాపీ చేసి లిస్టులో పెడితే, రేపు మధ్యలో ఒక లైబ్రరీ తన డిపెండెన్సీ మార్చుకున్నప్పుడు మీ ప్యాకేజీ అబద్ధం చెబుతూ కూర్చుంటుంది. రెండోది భద్రత. కొన్ని సందర్భాల్లో ఎల్‌డీడీ ఆ ప్రోగ్రాంనే నడిపించే అవకాశం ఉంది. నమ్మకం లేని ఫైలు మీద వాడొద్దని దాని మ్యాన్ పేజీలోనే రాసి ఉంది.

దాని బదులు రీడ్‌ఎల్ఫ్‌కి చిన్న డి ఆప్షన్, లేదా ఆబ్జ్‌డంప్‌కి చిన్న పి ఆప్షన్ ఇచ్చి, వచ్చినదాంట్లో నీడెడ్ అన్న లైన్లు మాత్రం చూడండి. ఫైలు హెడర్లో రాసి ఉన్నదే చదువుతాయి, దేన్నీ నడపవు. నా ప్లేయర్ మొదటి ప్యాకేజీని తర్వాత ఇలాగే చూశాను. అయిదారు నీడెడ్ లైన్లు, మూడోది లిబ్‌జాక్.ఎస్ఓ.0. అరనిమిషం పని. ఎవరు ఎవర్ని లాక్కొస్తున్నారో చెట్టులా చూడాలంటే జెంటూ వాళ్ల ప్యాక్స్-యుటిల్స్‌లోని ఎల్‌డీడీట్రీ బాగుంటుంది.

నిజానికి పెద్ద డిస్ట్రోల్లో ఈ పని మీరు చేతితో చెయ్యక్కర్లేదు. డెబియన్‌లో డీపీకేజీ-ఎస్‌హెచ్‌లిబ్‌డెప్స్ ఈ నీడెడ్ లైన్లు చదివి, ఏ ప్యాకేజీ, కనీసం ఏ వెర్షన్ కావాలో సింబల్స్ ఫైళ్ల సాయంతో తేల్చి డిపెండ్స్‌లో నింపుతుంది. ఫెడోరా వాడే ఆర్‌పీఎం కూడా బిల్డ్ చివర్లో లైబ్రరీ పేర్లతోనే రిక్వైర్స్ తయారుచేస్తుంది. ఆర్చ్‌లో నామ్‌క్యాప్ మీరు మరిచిపోయినవి, అనవసరంగా రాసినవి రెండూ చెబుతుంది, రాయడం మాత్రం మీరే రాయాలి. నిక్స్ ప్యాకేజీ మేనేజర్ దారి వేరు: తయారైన ఫైళ్లలో స్టోర్ పాత్‌ల (తను ప్యాకేజీలు పెట్టే ఫోల్డర్ల) హ్యాష్‌లు ఎక్కడున్నాయో వెతికి, దొరికిన ప్రతిదాన్నీ రన్‌టైం డిపెండెన్సీగా లెక్కేస్తుంది.

ఈ ఆటోమేటిక్ టూల్స్ ఉన్నచోట షేర్డ్ లైబ్రరీల పేర్లు చేతితో రాయకండి. లైబ్రరీ వెర్షన్ మారి మళ్లీ బిల్డ్ చేసినప్పుడు టూల్ తనంతట తనే సరిదిద్దుకుంటుంది, మీ చేతిరాత మాత్రం పాత పేరు పట్టుకుని ఉంటుంది.

తప్పేదెక్కడంటే, నీడెడ్‌లో లేకుండా లోడ్ అయ్యేవాటి దగ్గర. ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ డీఎల్‌ఓపెన్ ఫంక్షన్‌తో లైబ్రరీని తెరిస్తే హెడర్లో దాని పేరు ఉండదు. ఈ ధోరణి పెరుగుతోంది కూడా. 2024లో వచ్చిన సిస్టండీ 256 నుంచి లిబ్‌సిస్టండీ తన కంప్రెషన్ లైబ్రరీలను డీఎల్‌ఓపెన్‌తోనే లోడ్ చేస్తోంది. ప్యాకేజీ చేసేవాళ్లకి తెలియాలని నోట్.డీఎల్‌ఓపెన్ అనే సెక్షన్ ఒకటి ఫైల్లో పెట్టడం మొదలుపెట్టారు. మంచి పని. కానీ ఆ నోట్ పెట్టని ప్రోగ్రాంలకి తర్వాతి పద్ధతే దిక్కు.

## 5. నడుస్తుండగా గమనించడం

ప్రోగ్రాం సిస్టంని అడిగే ప్రతి పనినీ చూపించే ఎస్‌ట్రేస్‌కి చిన్న ఎఫ్ ఆప్షన్ ఇచ్చి, ఓపెన్ఎట్, ఎగ్జిక్‌వీఈ కాల్స్ మాత్రమే చూపించమని ప్రోగ్రాం నడపండి. తెరిచిన ప్రతి ఫైలూ, పిలిచిన ప్రతి కమాండూ కనిపిస్తాయి. ఆ ఫైళ్లను డెబియన్‌లో డీపీకేజీకి పెద్ద ఎస్, ఫెడోరాలో ఆర్‌పీఎంకి క్యూఎఫ్, ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్‌కి క్యూఓ ఆప్షన్లతో అడిగితే ఏ ప్యాకేజీవో చెబుతాయి. డెబియన్ డెవ్‌స్క్రిప్ట్స్‌లోని డీపీకేజీ-డెప్‌చెక్ ఇదే పనిని బిల్డ్ సమయంలో చేసి లిస్టు తీసి ఇస్తుంది.

మిగతా నాలుగు పద్ధతులకీ కనపడనివి దీనికి కనపడతాయి. ఒకసారి ఒక టూల్‌బార్లో ఐకాన్లు సగం ఖాళీగా వచ్చాయి. ఎర్రర్ లేదు, నీడెడ్ లైన్లన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎస్‌ట్రేస్‌లో చూస్తే జీడీకే-పిక్స్‌బఫ్ (బొమ్మల ఫైళ్లు తెరిచే లైబ్రరీ) తన లోడర్ల ఫోల్డర్లో చూస్తోంది, అందులో ఎస్‌వీజీ లోడర్ లేదు. ఆ లోడర్ లిబ్‌ఆర్ఎస్‌వీజీతో వస్తుంది, ఆ సిస్టంలో అది లేదు. ఐకాన్లు ఎస్‌వీజీ ఫైళ్లు. రన్‌టైం లిస్టులో ఒక్క పేరు చేర్చితే సమస్య తీరిపోయింది. ఫాంట్లు, ఐకాన్ థీమ్‌లు, సీఏ-సర్టిఫికెట్స్, క్యూటీ ప్లగిన్లు, ప్రోగ్రాం బయటినుంచి పిలిచే కమాండ్లు, ఇవన్నీ ఈ కోవలోకే వస్తాయి.

ఎస్‌ట్రేస్ ఇచ్చే లిస్టులో లేదు అన్న ఫైళ్లే ఎక్కువ ఉంటాయి. ఒకే లైబ్రరీ కోసం నాలుగైదు ఫోల్డర్లు వెతకడం మామూలే కాబట్టి ప్రతి లేదూ సమస్య కాదు. ఎక్కడా దొరకనిదాన్నే పట్టించుకోవాలి. ఇంకో పరిమితి: మీరు వాడి చూసిన ఫీచర్లే లిస్టులోకి వస్తాయి. ప్రింట్ బటన్ నొక్కకపోతే ప్రింటింగ్ డిపెండెన్సీ కనపడదు. అందుకే మెనూలు అన్నీ తెరిచి, ఫైలు సేవ్ చేసి, సెట్టింగ్స్ మార్చి చూస్తాను.

## భాషలవారీ టూల్స్, క్లుప్తంగా

పైథాన్, రస్ట్, గో, పెర్ల్ ప్రాజెక్టులు తమ డిపెండెన్సీలను తమ ఫైల్లోనే రాసుకుంటాయి: పైప్రాజెక్ట్.టీఓఎంఎల్, కార్గో.టీఓఎంఎల్, గో.మాడ్. కార్గో ట్రీ, గో మాడ్ గ్రాఫ్ లాంటి కమాండ్లు మొత్తం చెట్టు చూపిస్తాయి. ఫెడోరాలో పైథాన్ ప్యాకేజీలకి ఆ ఫైలు చదివి బిల్డ్‌రిక్వైర్స్ తనే తయారుచేసుకునే ఏర్పాటుంది. 2019లో ఆర్‌పీఎం 4.15 తెచ్చిన డైనమిక్ బిల్డ్‌రిక్వైర్స్ వల్ల అది వీలైంది.

పైథాన్‌లో జాగ్రత్త ఒకటి: ఇంపోర్ట్ చేసే పేరు, ప్రాజెక్టు పేరు ఒకటే కానక్కర్లేదు. కోడ్‌లో యామ్ల్ అని ఉంటే ప్రాజెక్టు పైయామ్ల్. పిల్ అని ఉంటే పిల్లో. సీవీ2 అని ఉంటే ఓపెన్‌సీవీ. ఇక రస్ట్, గో ప్రోగ్రాంలలో సొంత లైబ్రరీలు ఎక్కువగా బైనరీ లోపలే కలిసిపోతాయి. కానీ అవి సీ లైబ్రరీలను పిలిస్తే నీడెడ్ లైన్లు మళ్లీ ప్రత్యక్షమవుతాయి. కాబట్టి నాలుగో పద్ధతిని వదలొద్దు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | బిల్డ్ డిపెండెన్సీలు | రన్‌టైం డిపెండెన్సీలు | ఎటు తప్పుతుంది | పట్టే సమయం |
|---|---|---|---|---|
| బిల్డ్ ఫైళ్లు చదవడం | చాలా బాగా | కొంతవరకే | బయటి కమాండ్లు, డేటా వదిలేస్తుంది | మధ్యస్థం |
| వేరే డిస్ట్రో లిస్టు | బాగా | బాగా | రెండువైపులా | చాలా తక్కువ |
| ఖాళీ సీహెచ్‌రూట్ | చాలా బాగా | చెప్పదు | ఐచ్ఛికమైనవి వదిలేస్తుంది | ఎక్కువ |
| ఎల్‌డీడీ | చెప్పదు | కొంతవరకే | అక్కర్లేనివి కలిపేస్తుంది | క్షణాలు |
| నీడెడ్ లైన్లు | చెప్పదు | లైబ్రరీల వరకు చాలా బాగా | డీఎల్‌ఓపెన్ లైబ్రరీలు వదిలేస్తుంది | క్షణాలు |
| ఎస్‌ట్రేస్ | డెప్‌చెక్‌తో అయితే బాగా | బాగా | మీరు వాడి చూడని ఫీచర్లు వదిలేస్తుంది | ఎక్కువ |

## మీరు ఎవరు అన్నదాన్నిబట్టి

మీ ఒక్క సిస్టం కోసమే చేసుకుంటుంటే ఇంత పని అక్కర్లేదు. మీ డిస్ట్రోలో పాత వెర్షన్ ఉంటే, డెబియన్‌లో ఆప్ట్ బిల్డ్-డెప్, ఫెడోరాలో డీఎన్ఎఫ్ బిల్డ్‌డెప్ కొట్టండి. పాత వెర్షన్‌కి కావాల్సినవన్నీ ఒక్క దెబ్బకి వచ్చేస్తాయి. కొత్తగా అవసరమైన ఒకటి రెండూ కాన్ఫిగర్ చెప్పినప్పుడు వేసుకుంటే చాలు.

ఇదివరకే ఉన్న ప్యాకేజీని కొత్త వెర్షన్‌కి మారుస్తుంటే నేను చేసే మొదటి పని, పాత సోర్స్‌లోని బిల్డ్ ఫైలుకీ కొత్తదానికీ డిఫ్ తీయడం. కొత్త డిపెండెన్సీ, పెరిగిన వెర్షన్ నంబర్, తీసేసిన ఆప్షన్, మూడూ అక్కడే బయటపడతాయి. తర్వాత పాత ప్యాకేజీ నీడెడ్ లైన్లనూ కొత్తదాని నీడెడ్ లైన్లనూ పక్కపక్కన పెట్టండి. ఏదైనా లైబ్రరీ మాయమైతే ఫీచర్ పోయిందేమో అని అనుమానించాలి. జాక్ పోయినరోజు నేను ఈ ఒక్క పోలిక చేసి ఉంటే యూజర్ చెప్పేదాకా ఆగాల్సి వచ్చేది కాదు.

డిస్ట్రోలోకి కొత్త ప్యాకేజీ తెస్తుంటే వరస ఇది: బిల్డ్ ఫైలు చదివి ప్రతి ఐచ్ఛిక ఫీచర్‌కీ అవునో కాదో తేల్చడం, జెంటూ, డెబియన్ లిస్టులతో పోల్చడం, ఆ నిర్ణయాలను ఆప్షన్లుగా రాసి సీహెచ్‌రూట్‌లో బిల్డ్ చేయడం, షేర్డ్ లైబ్రరీలను ఆటోమేటిక్ టూల్‌కి వదిలేయడం, చివర్లో డెస్క్‌టాప్ లేని ఖాళీ సిస్టంలో ఇన్‌స్టాల్ చేసి ఎస్‌ట్రేస్‌తో ఒకసారి నడపడం. ఒక పూట పడుతుంది. తర్వాత వచ్చే బగ్ రిపోర్టులకి పట్టే టైంతో పోలిస్తే అది తక్కువే.

సోర్స్ లేని బైనరీని ప్యాకేజీలో పెడుతుంటే మొదటి మూడు పద్ధతులూ మీకు లేవు. నీడెడ్ లైన్లు, ఎస్‌ట్రేస్, ఈ రెండే. ఎల్‌డీడీ జోలికి అసలు వెళ్లొద్దు, ఎస్‌ట్రేస్ కూడా వర్చువల్ మెషీన్లోనే చెయ్యండి. ఇలాంటి బైనరీలు చాలాసార్లు తమ లైబ్రరీలను తమతోనే తెచ్చుకుంటాయి. నీడెడ్‌లో కనిపించిన ప్రతి పేరూ సిస్టంలోంచి వస్తుందో, పక్క ఫోల్డర్లోంచి వస్తుందో చూసుకుని, సిస్టంలోంచి వచ్చేవే రాయండి.

స్లాక్‌వేర్ లాంటి, డిపెండెన్సీ చెక్ చెయ్యని సిస్టం మీద ఉంటే మీ లిస్టు తప్పని ఏ టూలూ ఆపదు. కాబట్టి నీడెడ్ లైన్లు చూడటం ప్రతి బిల్డ్‌లో భాగం చేసుకోండి. అయిదు లైన్ల షెల్ స్క్రిప్టుతో అయిపోతుంది.

ఒకే సాఫ్ట్‌వేర్‌ని మూడు నాలుగు డిస్ట్రోలకి ఇస్తుంటే డిపెండెన్సీ ఏమిటో తెలిశాక కూడా దాని పేరు ఏమిటన్న తలనొప్పి మిగులుతుంది. (కింద పీకేజీ-కాన్ఫిగ్ అంటే లైబ్రరీ వివరాలను దాని పీసీ ఫైల్లోంచి చదివి బిల్డ్‌కి చెప్పే టూల్.)

| పీకేజీ-కాన్ఫిగ్ పేరు | డెబియన్ | ఫెడోరా | ఆర్చ్ |
|---|---|---|---|
| ఓపెన్ఎస్ఎస్ఎల్ | లిబ్ఎస్ఎస్ఎల్-డెవ్ | ఓపెన్ఎస్ఎస్ఎల్-డెవెల్ | ఓపెన్ఎస్ఎస్ఎల్ |
| ఎస్‌క్యూలైట్3 | లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్ | ఎస్‌క్యూలైట్-డెవెల్ | ఎస్‌క్యూలైట్ |
| లిబ్‌కర్ల్ | లిబ్‌కర్ల్4-ఓపెన్ఎస్ఎస్ఎల్-డెవ్ | లిబ్‌కర్ల్-డెవెల్ | కర్ల్ |

మొదటి కాలమ్ గమనించండి. డిస్ట్రో ఏదైనా అది మారదు, ఎందుకంటే ఆ పేరు లైబ్రరీ రాసినవాళ్లు పెట్టింది. ఆర్‌పీఎం స్పెక్ ఫైల్లో బిల్డ్‌రిక్వైర్స్‌ని ఈ పీకేజీకాన్ఫిగ్ పేరుతోనే రాయొచ్చు, ఫెడోరాలో అలా రాయడమే అలవాటు. డెబియన్‌లో మాత్రం ప్యాకేజీ పేరే రాయాలి. కర్ల్ వరసలో డెబియన్ దగ్గర ఇంకో మెలిక ఉంది: జీఎన్‌యూటీఎల్ఎస్‌తో బిల్డ్ చేసిన లిబ్‌కర్ల్4-జీఎన్‌యూటీఎల్ఎస్-డెవ్ కూడా ఉంటుంది, రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. నేనైతే నా నోట్స్‌లో పీకేజీ-కాన్ఫిగ్ పేర్లతో ఒక్కటే లిస్టు పెట్టుకుంటాను. ప్రతి డిస్ట్రోకీ రాసేటప్పుడు ఆ పేరుతో ఉన్న పీసీ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో ఆప్ట్-ఫైల్‌నో, డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్‌నో, ప్యాక్‌మ్యాన్‌నో అడిగి పక్కన రాసుకుంటాను. ఆ మ్యూజిక్ ప్లేయర్ లిస్టులో ఇప్పుడు జాక్ ఉంది, దాని పక్కనే కాన్ఫిగర్‌కి ఇచ్చిన ఎనేబుల్-జాక్ అన్న ఆప్షన్ కూడా రాసి ఉంది.